కణ జీవశాస్త్ర పత్రం: రాయడం, పంపడం, అచ్చులోకి తేవడం

కణ జీవశాస్త్రంలో పరిశోధన పత్రానికి ప్రాణం బొమ్మల్లో ఉంటుంది. మైక్రోస్కోపు కింద తీసిన కణాల ఛాయాచిత్రాలు, వెస్టర్న్ బ్లాట్ మీద కనిపించే ప్రోటీన్ పట్టీలు, కొలతలతో గీసిన గ్రాఫులు, ఇవే సాక్ష్యం. జర్నల్ ఎడిటర్ శీర్షిక, సారాంశం చదివాక సాధారణంగా వీటినే చూస్తారు. అనుభవం ఉన్న ల్యాబుల్లో అందుకే రాత మొదలుపెట్టడానికి ముందే బొమ్మలన్నీ బల్ల మీద వరసగా పరుస్తారు. ఒక్కో బొమ్మ ఒక్కో ప్రశ్నకు జవాబు చెప్పాలి, ఆ జవాబు నుంచి తర్వాతి ప్రశ్న పుట్టాలి. ఎక్కడైనా గొలుసు తెగితే చేయవలసిన ప్రయోగం ఇంకొకటి మిగిలి ఉందని అర్థం. ఆ లోటును వాక్యాలతో పూడ్చడం సాధ్యం కాదు.

ఈ పని బెంగళూరు, హైదరాబాదుల్లోని పెద్ద సంస్థలకే పరిమితమైనది కాదు. తమిళనాడులోని ధర్మపురినే తీసుకోవచ్చు. గోదావరి ఒడ్డున ఉన్న తెలంగాణ ధర్మపురి వేరు, ఇది సేలానికి ఉత్తరాన ఉన్న జిల్లా కేంద్రం. ఈ ఊళ్లోనూ, పొరుగున హోసూరు, కృష్ణగిరి వైపూ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఇక్కడ 2008లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. సేలంలోని పెరియార్ విశ్వవిద్యాలయానికి ఇక్కడ పోస్ట్ గ్రాడ్యుయేట్ కేంద్రం కూడా ఉంది. ఇలాంటి చోట కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు వంటి ఖరీదైన పరికరం లేకపోవడం నిజంగానే ఇబ్బంది. కానీ ఆ ఇబ్బందికి దారులున్నాయి. సుమారు 130 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో సీ-క్యాంప్ సంస్థ ఫీజు తీసుకుని బయటివారికి ఇమేజింగ్ సేవలు అందిస్తుంది. 2020లో ప్రారంభమైన ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా దేశంలో ఏ పరికరం ఎక్కడ ఉందో వెతికి సమయం బుక్ చేసుకోవచ్చు. చిన్న ఊళ్ల నుంచి వెళ్లిన పత్రాలను బలహీనపరిచే లోపాల్లో చాలావాటికి డబ్బుతో పనిలేదు. అవి ప్రయోగం మొదలైన రోజునే మొదలవుతాయి.

మొదటిది కణాల గుర్తింపు. ల్యాబుల్లో పెంచే కణాల జాతులను సెల్ లైన్లు అంటారు. మన దేశంలో చాలా ల్యాబులు వీటిని పుణెలోని జాతీయ కణ విజ్ఞాన కేంద్రం నుంచి తెప్పించుకుంటాయి. కొందరు మాత్రం పక్క ల్యాబులో అడిగి తెచ్చుకుంటారు, చిక్కు అక్కడ వస్తుంది. 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే మహిళ గర్భాశయ ముఖద్వార కణితి నుంచి పుట్టిన హీలా కణాలు ఎంత వేగంగా పెరుగుతాయంటే, ఒక్క చుక్క పొరపాటున వేరే ఫ్లాస్కులో పడినా కొన్నాళ్లకు అందులో మిగిలేవి అవే. వేరువేరు కణజాలాలవిగా చలామణీ అవుతున్న 18 సెల్ లైన్లు నిజానికి హీలావేనని 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ చూపించారు. కేబీ, హెప్-2, ఛాంగ్ లివర్ పేర్లతో నేటికీ వాడుకలో ఉన్నవి కూడా హీలాలే. కాలేయ కణాల మీద చేశామనుకున్న పని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల మీద చేసినట్టు తేలితే పత్రం మొత్తం కూలిపోతుంది. అందుకే కణాలు ఎక్కడివి, ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ పరీక్ష ఎప్పుడు చేయించారు, మైకోప్లాస్మా సోకలేదని ఎలా తేల్చారు అనేవి పత్రంలో రాయాలి.

రెండోది కంట్రోల్. ఔషధ మొక్క రసం క్యాన్సర్ కణాలను చంపుతుందా అనేది మన కళాశాలల్లో చాలామంది ఎంచుకునే అంశం. దానికి చేసే ఎంటీటీ పరీక్షలో పసుపు రంగు రసాయనం ఊదాగా మారుతుంది. ఈ మార్పు కణాల జీవక్రియ చురుకుదనాన్ని కొలుస్తుందే తప్ప చావును నేరుగా కొలవదు. పైగా మొక్క రసంలోని కొన్ని పదార్థాలు కణాలే లేకపోయినా ఆ రంగును మార్చగలవు. కణాలు లేని గుంటలో రసం ఒక్కటే వేసి చూడకపోయినా, రసాన్ని కరిగించిన ద్రావణం ఒక్కటే వేసి చూడకపోయినా, మామూలు కణాలతో పోల్చకపోయినా అనుభవం ఉన్న సమీక్షకులు మొదటి పేజీలోనే ఆగిపోతారు. రెండు రోజుల్లో చేయగల ఈ ప్రయోగాలు లేక మూడేళ్ల పని వెనక్కి రావడం బాధాకరం.

మూడోది లెక్క. మూడుసార్లు ప్రయోగం చేసి, ఒక్కోసారి వంద కణాలను కొలిస్తే మొత్తం 300 కొలతలు వస్తాయి. అయినా గణాంకాల దృష్టిలో నమూనా సంఖ్య మూడే. ఒకే పళ్లెంలో పెరిగిన వంద కణాలు వంద స్వతంత్ర ప్రయోగాలు కావు. 300 అని వేస్తే చిన్న తేడా కూడా గొప్ప తేడాలా కనిపిస్తుంది. ప్రతి కణాన్నీ చిన్న చుక్కగానూ, ప్రతి ప్రయోగం సగటునూ పెద్ద చుక్కగానూ ఒకే గ్రాఫులో చూపే సూపర్‌ప్లాట్ పద్ధతిని 2020లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీలో వివరించారు. దాన్ని గీయడానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఎర్రర్ బార్ అంటే ఏమిటో, ఏ పరీక్ష వాడారో బొమ్మ కింది వివరణలోనే చెప్పాలి.

ఇక బొమ్మల నిజాయితీ. ఈ విషయంలో మిగతా శాస్త్రాలకు దారి చూపింది కణ జీవశాస్త్రమే. 1955లో వేరే పేరుతో మొదలై 1962లో నేటి పేరు తెచ్చుకున్న జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ, అంగీకరించిన పత్రాల్లోని ప్రతి బొమ్మనూ 2002 నుంచి తనిఖీ చేయడం మొదలుపెట్టింది. ఫొటో మొత్తానికి వెలుగు, కాంట్రాస్ట్ సమంగా మార్చవచ్చు. ఒక పట్టీని మాత్రమే ముదురు చేయడం, ఒక మరకను చెరపడం, వేరే బ్లాట్ ముక్కను గీత గీయకుండా పక్కన అతికించడం కూడదు. 2016లో ఎలిజబెత్ బిక్ బృందం 40 జర్నళ్లలోని 20,621 పత్రాలను కంటితో పరిశీలించి, 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మ తప్పుగా మళ్లీ వాడిన జాడలు కనుగొంది. అన్నీ మోసాలు కావు, ఫైళ్ల పేర్లు కలగలిసి జరిగిన పొరపాట్లూ ఉంటాయి. చదివేవాడికి మాత్రం రెండింటి మధ్య తేడా తెలియదు. మైక్రోస్కోపు ఇచ్చిన అసలు ఫైలును ముట్టుకోకుండా దాచి, నకలు మీదే పని చేయడం, ఫైలు పేరులో తేదీ, ప్రయోగం, కణం పేరు పెట్టడం, బ్లాట్‌ను కత్తిరించక ముందున్న పూర్తి చిత్రాన్ని ఉంచుకోవడం తప్పనిసరి అలవాట్లు కావాలి. ప్రతి ఫొటో మీదా స్కేలు గీత ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా పోల్చలేని పాఠకులు ఉంటారు కాబట్టి ఆ రెండింటి బదులు ఆకుపచ్చ, మెజెంటా వాడటం మంచిది.

బొమ్మలు కుదిరాక రాత. పద్ధతుల విభాగంతో మొదలుపెట్టడం సులువు, చేసింది చేసినట్టు రాయడమే కాబట్టి. ఈ విభాగం విలువ తెలియాలంటే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో ప్రచురించిన పత్రాన్ని గుర్తు చేసుకోవాలి. ఫాస్ఫరస్‌ను నీలి రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతి అది. ఏ రసాయనం ఎంత, ఏ వరసలో కలపాలో మరొకరు చదివి చేసుకోగలిగేలా ఉండటం వల్లే వందేళ్ల తర్వాత కూడా బయోకెమిస్ట్రీ విద్యార్థులు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అంటూ దాన్ని నేర్చుకుంటున్నారు. నేటి పత్రంలో యాంటీబాడీ ఏ కంపెనీది, క్యాటలాగ్ నంబరు ఎంత, ఎంత పలచన చేశారు, మైక్రోస్కోపు లెన్సు ఏది, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ అనేవన్నీ కావాలి. ‘ఇంతకు ముందు వివరించినట్టే చేశాం’ అని తప్పించుకుంటే పాఠకుడు ఇంకో పది పత్రాలు వెతకాలి.

ఫలితాల్లో కనిపించినది, చర్చలో దాని అర్థం రాయాలి. చర్చలో తమ పని పరిమితులను రచయితలే చెప్పుకుంటే నష్టం లేదు, సమీక్షకులు ఎలాగూ అవి చెబుతారు. పళ్లెంలోని కణాల మీద చూసినదాన్ని రోగికి మందు దొరికినట్టు రాయకూడదు. పరిచయం పొట్టిగా, సారాంశం అన్నిటికన్నా ఆఖరున, శీర్షికలో కనుగొన్న విషయమే. ఇంగ్లిషు గురించి బెంగ పడేవారు చాలామంది. చిన్న వాక్యాలతో, తప్పులు లేకుండా రాస్తే సరిపోతుంది. వేరే పత్రంలోని పేరాలు ఎత్తి రాయడం మాత్రం సాఫ్ట్‌వేర్‌కు వెంటనే దొరుకుతుంది. ఏఐ పరికరాల సాయం తీసుకుంటే ఆ సంగతి ప్రకటించాలని చాలా జర్నళ్లు కోరుతున్నాయి. వాటిని రచయితలుగా ఒప్పుకోవు. మాట బాధ్యత మనిషిదే.

రచయితల జాబితా ల్యాబుల్లో చాలా మనస్పర్థలకు మూలం. పని చేసి, రాతలో పాలుపంచుకుని, తుది ప్రతికి ఒప్పుకుని, దానికి జవాబుదారీ అయినవారే రచయితలు. గౌరవార్థం శాఖాధిపతి పేరు చేర్చడం, రాత్రింబవళ్లు పని చేసిన స్కాలర్ పేరు వెనక్కి నెట్టడం రెండూ తప్పే. ఎవరు ఏం చేశారో ముందే కాగితం మీద రాసుకుంటే గొడవ ఉండదు. రోగుల నుంచి తీసుకున్న కణజాలానికి సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, జంతువులకు జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి ప్రయోగానికి ముందే ఉండాలి. ఆ నంబర్లు పత్రంలో వేయాలి. తర్వాత తెచ్చుకునే అనుమతి చెల్లదు.

జర్నల్ ఎంపిక దగ్గర ఎక్కువమంది దారి తప్పుతారు. తమ పత్రం ఉటంకించిన పత్రాలు ఏ జర్నళ్లలో వచ్చాయో చూడటం మొదటి పని. కణంలో జరిగే యంత్రాంగాన్ని వివరిస్తే జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్ వంటివి, దేశీయంగా 1979 నుంచి భారతీయ విజ్ఞాన అకాడమీ నడుపుతున్న జర్నల్ ఆఫ్ బయోసైన్సెస్ పరిశీలించవచ్చు. ‘ఒక దేశం ఒకే చందా’ పథకం కింద 2025 జనవరి నుంచి ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు చదివే వీలు కలిగింది. ధర్మపురి వంటి చోట పనిచేసే స్కాలరుకు ఇది పెద్ద వరం.

వారం రోజుల్లో అచ్చువేస్తామని ఈమెయిల్ పంపి డబ్బు అడిగే జర్నళ్లకు దూరంగా ఉండాలి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఒమిక్స్ అనే ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సమీక్ష, ఫీజుల విషయంలో రచయితలను తప్పుదోవ పట్టించారంటూ 2019లో నెవాడా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. మన యూజీసీ 2018 మేలో తన ఆమోదిత జాబితా నుంచి 4,305 జర్నళ్లను తొలగించింది. ఆ తర్వాత వచ్చిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసి, మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత సంస్థలకే వదిలింది. పీహెచ్‌డీకి పత్రం తప్పనిసరి అన్న షరతును కూడా 2022 నిబంధనల్లో తీసేసింది. తొందరపడి ఏదో ఒకచోట వేయించుకోవలసిన ఒత్తిడి అంతమేరకు తగ్గింది.

పంపే రోజు పని ఒక పూట పడుతుంది. జర్నల్ వెబ్‌సైటులో ఖాతా తెరిచి, కరెస్పాండింగ్ ఆథర్ ఆర్కిడ్ నంబరు ఇచ్చి, పత్రం, బొమ్మలు, అనుబంధ ఫైళ్లు ఎక్కించాలి. కవర్ లెటర్ ఒక్క పేజీ మించనక్కర్లేదు. ప్రశ్న ఏమిటి, కొత్తగా తేలినదేమిటి, ఈ జర్నల్ పాఠకులకు అది ఎందుకు కావాలి అనే మూడు మాటలు చాలు. సమీక్షకుల పేర్లు సూచించమంటే సహరచయితలు, పాత గైడ్లు కాకుండా ఆ రంగంలో పనిచేసే అపరిచితుల పేర్లే ఇవ్వాలి. ఒక పత్రాన్ని ఒకే సమయంలో రెండు జర్నళ్లకు పంపడం నిషిద్ధం.

పంపిన రోజునే బయోఆర్కైవ్‌లో ప్రీప్రింట్‌గా పెట్టడానికి చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి. 2013లో మొదలైన ఈ ఉచిత వేదిక మీద తేదీతో సహా పని నమోదవుతుంది. ఆ తేదీకి విలువ ఎంతో సుబ్బారావు జీవితంలోనే ఉంది. కణానికి శక్తినిచ్చే ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, హార్వర్డులో ఫిస్కే, సుబ్బారావు విడివిడిగా గుర్తించారు. లోమన్ పత్రం కొద్ది నెలలు ముందు వచ్చింది.

ఎడిటర్ చదివి, సరిపడదనుకుంటే కొద్ది రోజుల్లోనే తిప్పి పంపుతారు. లేదా ఇద్దరు ముగ్గురు సమీక్షకులకు పంపుతారు. నెలల తర్వాత వచ్చే ‘మేజర్ రివిజన్’ ఉత్తరం చూసి కుంగిపోవడం సహజమే, కానీ అది మంచి కబురే. ప్రతి వ్యాఖ్యనూ యథాతథంగా రాసుకుని దాని కింద జవాబు, చేసిన మార్పు, పేజీ, వరుస సంఖ్య ఇవ్వాలి. అడిగిన ప్రయోగం చేయలేకపోతే కారణం చెప్పి, ఆ వాదనను పత్రంలో తగ్గించి రాయడం న్యాయమైన దారి. సమీక్షకుడు తప్పుగా అర్థం చేసుకున్నాడంటే చాలాసార్లు రాత స్పష్టంగా లేదన్నమాట. నిరాకరణ వచ్చినా కథ ముగియదు. మైటోకాండ్రియా ఒకప్పటి స్వతంత్ర బ్యాక్టీరియా అని వాదించిన లిన్ మార్గులిస్ పత్రాన్ని పదిహేను దాకా జర్నళ్లు కాదన్నాక 1967లో జర్నల్ ఆఫ్ థియరెటికల్ బయాలజీ వేసుకుంది. వచ్చిన విమర్శను పత్రంలో సరిచేసుకున్నాకే తర్వాతి జర్నల్‌కు పంపాలి, అదే సమీక్షకుడు మళ్లీ ఎదురుకావచ్చు.

అంగీకారం వచ్చాక అందరూ ఉచితంగా చదివే మార్గం ఎంచుకుంటే ఫీజు చాలాచోట్ల వేల డాలర్లలో ఉంటుంది. చందా మార్గంలో సాధారణంగా రచయిత కట్టేదేమీ ఉండదు. ఫీజు తగ్గింపు ఉందేమో పంపక ముందే ఎడిటర్ కార్యాలయాన్ని అడగాలి. ప్రూఫులు వచ్చినప్పుడు పేర్లు, సంస్థ చిరునామా, గ్రాంటు నంబరు, బొమ్మల అక్షరాలు ఒక్కొక్కటిగా చూడాలి. అచ్చయ్యాక తప్పు కంటపడితే జర్నల్‌కు రాసి దిద్దుబాటు వేయించాలి. స్కాలరు పట్టా పుచ్చుకుని ల్యాబు వదిలి వెళ్లేటప్పుడు నోటు పుస్తకాలు, ముడి ఫైళ్లు, గడ్డకట్టించిన కణాల పట్టిక గైడుకు అప్పగించి వెళ్లాలి. ఏళ్ల తర్వాత ప్రశ్న వచ్చినా జవాబుకు ఆధారం అవే.