తమ్ముడి పరుగు, అద్దంలోని నీడ

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాళ్లకి ముందుగా గుర్తొచ్చేది చావే. నేలలోంచి ఒక్కసారిగా లేచే ముళ్ల మీద పడటం, టకటకమంటూ మూసుకునే ఇనుప దవడల మధ్య రెండు ముక్కలవడం, అంచుదాకా పరుగెత్తి ఒక్క అడుగు ఆలస్యంగా ఎగరడం. తొంభైల్లో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో డాస్ క్లాసు అయ్యాక మిగిలిన కాసేపట్లో మేం ఎగబడి ఆడింది ఈ ఆటే. బటన్ నొక్కీ నొక్కగానే ఎగిరే మారియోకి అలవాటుపడ్డ వేళ్లకి ఈ రాజకుమారుడు మందకొడిగా అనిపించేవాడు. ఆపితే వెంటనే ఆగడు, తిప్పితే వెంటనే తిరగడు.

ఈమధ్య మళ్లీ తీరిగ్గా కూర్చుని ఆడాను. అప్పట్లో మందకొడితనం అనుకున్నదంతా ఒంటి బరువేనని ఇప్పుడు తెలుస్తోంది. పరుగులో ఉన్నవాణ్ణి వెనక్కి తిప్పి చూడండి. కాళ్లు ముందుకి జారతాయి, ఒళ్లు వెనక్కి వాలుతుంది, ఆ తర్వాతే కొత్త దిక్కులో మొదటి అడుగు పడుతుంది. షిఫ్ట్ నొక్కిపట్టి ఆచితూచి నడిపిస్తే ముళ్ల మధ్యనుంచి కూడా గీత పడకుండా దాటేస్తాడు. ఒక అంతస్తు ఎత్తునుంచి దూకితే ఏమీ కాదు, రెండంతస్తులైతే ఒక ప్రాణం పోతుంది, మూడైతే ఆట ముగిసినట్టే. మనిషి ఒళ్లు ఎంత తట్టుకుంటుందో ఆ ఆటకి తెలుసు.

ఎలా తెలిసింది? ఈ ఆట సృష్టికర్త జోర్డాన్ మెక్‌నర్ దీని పని మొదలుపెట్టింది 1985లో. అప్పటికే కాలేజీలో ఉండగా కరాటేకా అనే ఆట రాసి పేరు తెచ్చుకున్నాడు. ఈసారి తన తమ్ముడు డేవిడ్‌కి తెల్లబట్టలు తొడిగి, కార్లు నిలిపే ఖాళీ స్థలంలో పరుగెత్తమని, ఎగరమని, గోడ పట్టుకుని పైకెక్కమని చెప్పి వీడియో తీశాడు. ఆ క్యాసెట్‌ని టీవీలో కాస్త కాస్త ఆపుతూ, ఆగిన ప్రతి బొమ్మనీ మామూలు కెమెరాతో ఫోటో తీశాడు. ప్రింట్లు వేయించి, మనిషి ఆకారం ఒక్కటే తేలేలా నల్ల మార్కర్‌తోనూ తెల్ల కరెక్షన్ ద్రవంతోనూ దిద్ది, వాటిని ఆపిల్ టూ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఆ తర్వాత ఒక్కో చుక్కనీ చేత్తో సరిచేసుకోవడం. ఇలా సాగింది వ్యవహారం.

పద్ధతి పాతదే. దీన్ని రోటోస్కోపింగ్ అంటారు. కార్టూన్ చిత్రాల తొలినాళ్లలో మాక్స్ ఫ్లైషర్ కనిపెట్టాడు, 1917లో పేటెంట్ వచ్చింది. చిత్రమేమిటంటే ఆయన కూడా విదూషకుడి వేషం వేయించి గెంతించింది తన తమ్ముణ్ణే, అతని పేరూ డేవే. ఇక కత్తియుద్ధానికి మెక్‌నర్ 1938 నాటి రాబిన్ హుడ్ సినిమాని ఆశ్రయించాడు. అందులో ఎరాల్ ఫ్లిన్, బేసిల్ రాత్‌బోన్ చివర్లో తలపడతారు. ఇద్దరూ పక్కనుంచి పూర్తిగా కనిపించే కొన్ని సెకన్ల ముక్క ఆయనకి సరిపోయింది.

నిజానికి మొదట్లో ఈ ఆటలో యుద్ధమే లేదు. ఒక్క రాజకుమారుడి కదలికలే ఆ చిన్న యంత్రం మెమరీని తినేశాయి, శత్రువు బొమ్మలకి చోటు మిగల్లేదు. స్నేహితురాలు టోమీ పియర్స్ మాత్రం ఎదురు నిలిచేవాడు ఉండాల్సిందేనని పట్టుబట్టింది. అప్పుడు దొరికిన ఉపాయం ఈ ఆటకే ఆయువుపట్టు.

కంప్యూటర్‌కి బొమ్మ అంటే ఒకట్లు, సున్నాల వరస. రాజకుమారుడి బొమ్మని ఒక్క చుక్క పక్కకి జరిపి, అసలు బొమ్మతో ఎక్స్‌ఓఆర్ అనే లెక్క చేయిస్తే చాలు. ఆ లెక్కలో రెండు అంకెలూ ఒకేలా ఉంటే ఫలితం సున్నా, వేరైతే ఒకటి. ఒంటి లోపలి భాగంలో పక్కపక్క చుక్కలు ఒకేలా ఉంటాయి కాబట్టి అక్కడంతా చీకటి. అంచుల్లో తేడా ఉంటుంది కాబట్టి అక్కడ వెలుగు. తెరమీద మిణుకుమిణుకుమంటూ ఒక నీడమనిషి లేచి నిలబడ్డాడు. కొత్తగా ఒక్క బొమ్మ కూడా గీయలేదు. తర్వాత ఎలాగో మెమరీలో చోటు సంపాదించి కాపలాదారులనూ చేర్చాడుగానీ, ఈ నీడకి వాళ్లెవరూ సాటిరారు.

నాలుగో లెవెల్లో దారికడ్డంగా అద్దం ఉంటుంది. దానిలోంచి దూకితే అవతలివైపుకి మన నీడ విడిపడి పారిపోతుంది. తర్వాత మనకి దక్కాల్సిన మందు తాగేస్తుంది, మనం దాటాల్సిన తలుపు మూసి లోయలో పడేస్తుంది. పన్నెండో లెవెల్లో కత్తి పట్టుకుని ఎదురొస్తుంది. దాన్ని పొడిస్తే పోయేది మన ప్రాణమే. కింది బాణం నొక్కి కత్తి ఒరలో పెట్టి ఎదురెళ్లాలి. అప్పుడు ఇద్దరూ ఒకటవుతారు, అంతకుముందు శూన్యంగా ఉన్నచోట కాలికింద నేల దొరుకుతుంది. నీడ గురించి ఒక్క మాట రాసి చూపించకుండా ఇంత కథ చెప్పిన ఆట నాకు ఇంకొకటి తెలీదు. డాస్‌లో ప్రిన్స్ పక్కన మెగాహిట్ అని కొట్టి, షిఫ్ట్‌తో ఎల్ నొక్కుతూ లెవెళ్లు దాటేసే వయసులో ఇది కంటపడదు.

బ్రోడర్‌బండ్ సంస్థ 1989లో దీన్ని విడుదల చేసేసరికి ఆపిల్ టూ రోజులు అయిపోవచ్చాయి, అమ్మకాలు నీరసంగా సాగాయి. డాస్‌కీ ఇతర యంత్రాలకీ మార్చాకే ఆట ప్రపంచమంతా తిరిగింది. మేం ఆడింది ఆ డాస్ రూపమే.

ఆపిల్ టూ కోసం రాసిన మూల ప్రోగ్రామ్ చాలా ఏళ్లు కనిపించకుండా పోయింది. 2012లో మెక్‌నర్ తండ్రి ఫ్రాన్సిస్ ఇంట్లో ఒక పెట్టెలో ఫ్లాపీలు దొరికాయి. ఆట సంగీతం కట్టింది కూడా ఆ తండ్రే. అన్నేళ్ల ఫ్లాపీల మీద అయస్కాంతపు గుర్తులు ఏమాత్రం మిగిలాయో అన్న భయం ఉండేది. పాత యంత్రాల నిపుణులు వాటిని జాగ్రత్తగా చదివించి బయటికి తీశారు, మెక్‌నర్ దాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఆ కోడ్ చదివి, 2018లో ఔత్సాహికులు ఈ ఆటని బ్రిటన్‌కి చెందిన బీబీసీ మాస్టర్ అనే 1986 నాటి కంప్యూటర్ మీద ఆడించారు.