యంత్రము కూర్చిన పత్రములకు ముఖపత్రము, పుటశీర్షిక

తాళపత్ర గ్రంథమును దగ్గరగా చూచినవారికి దాని కట్టు ఎట్లుండునో తెలియును. ఆకులకు రంధ్రములు చేసి, దారమున గ్రుచ్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టెడివారు. దారము తెగినచో ఆకులు చెదరిపోవును. వానిని మరల వరుసగా పేర్చుటకు ఆకు అంచున వ్రాసిన సంఖ్యయే ఆధారము. రెండు మూడు గ్రంథముల ఆకులు కలిసిపోయినచో ఆ సంఖ్యయు చాలదు. అది ఏ గ్రంథపు ఆకో కూడ తెలియవలెను.

నేడు కంప్యూటరు కూర్చి ముద్రించు పత్రములకును ఇదే చిక్కు కలదు. విడిపోయిన పుట తానెచ్చటిదో తానే చెప్పుకొనవలెను. ఆ పని చేయునది పుట పైభాగమున ఉండు పుటశీర్షిక. దీనినే హెడ్డరు అందురు. గ్రంథమంతటిని గూర్చి చెప్పునది మొదటి పుటయైన ముఖపత్రము. ఈ రెంటిని యంత్రముచే మనకు కావలసిన రీతిగా ఎట్లు వ్రాయించవచ్చునో తెలిసికొందము.

పత్రములు తమంత తాము తయారగుట

ఒక యంత్రమునో, ఒక కంప్యూటరు ప్రోగ్రామునో నిర్మించునపుడు అది ఎట్లు పనిచేయునో వివరించు పత్రము కూడ అవసరము. దీనిని డిజైను పత్రము అందురు. పూర్వము ప్రోగ్రామును ఒకరు, పత్రమును వేరొకరు వ్రాసెడివారు. ప్రోగ్రాము మారినపుడు పత్రమును మార్చుట మరచిపోవుట సాధారణము. కొంతకాలమునకు రెంటికిని పొంతన ఉండదు.

దీనికి విరుగుడుగా డొనాల్డ్ క్నూత్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు వెబ్ అను పద్ధతిని రూపొందించి, 1984లో ఒక వ్యాసమున దానిని వివరించెను. ఇందులో ప్రోగ్రామును, దాని వివరణమును ఒకే ఫైలులో కలిపి వ్రాయుదురు. ఆ ఫైలునుండి ఒక సాధనము యంత్రమునకు కావలసిన భాగమును, మరియొక సాధనము మనుష్యులు చదువదగిన పత్రమును వెలికి తీయును. మూలము ఒక్కటే యగుటచే రెంటికిని వైరుధ్యము తగ్గును.

1997లో డిమిట్రీ వాన్ హీష్ అను ప్రోగ్రామరు డాక్సీజన్ అను సాధనమును వెలువరించెను. ఇది ప్రోగ్రాములోని వ్యాఖ్యలను చదువును. ఏటవాలు గీత, దానివెంట రెండు నక్షత్రపు గుర్తులు కనిపించినచో, అచ్చటినుండి వ్యాఖ్య ముగియువరకు ఉన్నది పత్రమునకు చెందిన వివరణమని అది గ్రహించును. అట్టి వివరణములన్నిటిని అధ్యాయములుగా పేర్చి, అచ్చుకూర్పు సాధనమగు లేటెక్‌కు అందజేయును. లేటెక్ దానిని పుటలుగా విభజించి అచ్చునకు సిద్ధపరచును.

ఒక ఉదాహరణము

ఒక పాఠశాల విద్యార్థులు నీటితొట్టి మోటారును తనంతట తాను ఆగునట్లు చేయు చిన్న పరికరమును నిర్మించిరనుకొందము. తొట్టి లోతు 120 సెంటీమీటర్లు. నీరు 110 సెంటీమీటర్లకు చేరగానే మోటారు ఆగవలెనని మొదటి కూర్పులో వ్రాసిరి. పరీక్షించి చూడగా, కొలత తీసికొనుటకును మోటారు ఆగుటకును నడుమ ఆలస్యమగుటచే నీరు పొర్లిపోయెను. అందుచే రెండవ కూర్పులో 95 సెంటీమీటర్లుగా మార్చిరి. రెండు పర్యాయములును పత్రము యంత్రముచే తయారై, ముద్రింపబడెను.

ఆరు నెలల పిమ్మట పరికరమును మరమ్మతు చేయవచ్చిన వానికి బల్లసొరుగులో విడి కాగితములు రెండు దొరకెను. ఒకదానిపై 110 అనియు, మరియొకదానిపై 95 అనియు కలదు. రెండును శుభ్రముగా ముద్రింపబడినవే. ఏది సరియైనదో ఎట్లు తెలియును? పుటశీర్షికలో కూర్పు సంఖ్య ఉన్నచో క్షణములో తెలియును, లేనిచో ఊహింపవలసినదే. నీటితొట్టి విషయమున తప్పిన ఊహకు ఫలము కొంత నీరు వృథా యగుట. ఔషధమును మోతాదుగా ఎక్కించు యంత్రము విషయమున ఇట్టి ఊహకు తావుండరాదు.

ముఖపత్రమున ఏమి ఉండవలెను?

ఇంజనీరింగు చిత్రములకు ఈ ప్రశ్న చిరకాలము క్రిందటనే వచ్చినది. చిత్రపటపు కుడివైపు అడుగుమూలన ఉండు పేరు పట్టికను డ్రాయింగు విద్యార్థులు ఎరుగుదురు. ఇట్టి పట్టికలో ఉండవలసిన అంశములను ఐ.యస్.ఓ. 7200 అను అంతర్జాతీయ ప్రమాణము నిర్ణయించుచున్నది. 2004లో సవరింపబడిన ఈ ప్రమాణము చిత్రములకే కాక ఇతర సాంకేతిక పత్రములకును వర్తించును. పత్రపు యజమాని, పత్రసంఖ్య, జారీచేసిన తేదీ, పుటసంఖ్య, పేరు, ఆమోదించినవారు, తయారుచేసినవారు, పత్రపు రకము — ఇవి ముఖ్యములు. సవరణను తెలుపు గుర్తు మొదలగునవి అవసరమునుబట్టి చేర్చుకొనవచ్చును. పట్టిక వెడల్పు 180 మిల్లీమీటర్లు. ఏ4 కాగితము వెడల్పు 210 మిల్లీమీటర్లు గాన ఎడమ 20, కుడి 10 మిల్లీమీటర్లు అంచు విడిచినచో మిగులునది సరిగా 180.

ఇవన్నియు ప్రతి పుటపైనను వ్రాసినచో విషయమునకు చోటు చాలదు. కావున పని పంచవలెను. పూర్తి వివరములు ముఖపత్రమునకు. పత్రసంఖ్య, కూర్పు సంఖ్య, అధ్యాయము పేరు, పుటసంఖ్య అను నాలుగు మాత్రము పుటశీర్షికకు. విడిపుటను దాని స్థానమునకు చేర్చుటకు ఈ నాలుగు చాలును.

డాక్సీజన్ తనంత తాను తయారుచేయు ముఖపత్రమున ప్రాజెక్టు పేరు, దాని సంఖ్య ఉండును. పత్రము డాక్సీజన్‌చే తయారైనదని కూడ వ్రాయబడును. యజమాని పేరు, ఆమోదము, పత్రసంఖ్య మాత్రము ఉండవు. ఇది సాధనపు దోషము కాదు. ఆ సంగతులు దానికి తెలియవు. మనము చెప్పవలెను.

మూసలో మార్పు చేయుట

మొదట అందరికిని తోచు మార్గమొకటి కలదు. తయారైన పత్రమును తెరచి, చేతితో పేరును, సంఖ్యను దిద్దుట. ఇది సులభమే, కాని రేపు ప్రోగ్రాములో ఒక వాక్యము మారి పత్రము మరల తయారు కాగానే దిద్దినదంతయు మాసిపోవును. మరల దిద్దుట మరచిపోయినచో పాత సంఖ్యతోనో, సంఖ్య లేకయో పత్రము బయటకు పోవును. కావున ఫలితమును కాక మూసను మార్చవలెను. ఇటుకలు వంకరగా వచ్చుచున్నచో ఒక్కొక్క ఇటుకను చెక్కుచు కూర్చుండము గదా, అచ్చునే సరిచేయుదుము.

డాక్సీజన్ తన మూసను మనకు అందించును. లేటెక్ కొరకు మూస కావలెనని ఆదేశించి మూడు ఫైళ్లకు పేర్లు సూచించినచో, పత్రారంభమునకు ఒకటి, పత్రాంతమునకు ఒకటి, శైలికి ఒకటి — మూడు ఫైళ్లను వ్రాసియిచ్చును. మొదటి ఫైలులో ముఖపత్రము మొదలు ప్రథమాధ్యాయము వరకు ఉండు భాగమంతయు కలదు. దానిలో మనకు కావలసిన పంక్తులు చేర్చి, ఇకమీదట ఈ మూసనే వాడవలెనని డాక్సీజన్ అమరికల ఫైలులో తెలిపిన చాలును.

మూసలో కొన్ని చోట్ల డాలరు గుర్తుతో మొదలగు పదములు కనిపించును. ఇవి ఖాళీలవంటివి. ప్రాజెక్టు పేరు, ప్రాజెక్టు సంఖ్య, చిహ్నము మున్నగువానికి ఒక్కొక్క ఖాళీ కలదు. పత్రము తయారగునపుడు డాక్సీజన్ అమరికల ఫైలునుండి విలువలను తీసి వీనిలో నింపును. బీజగణితమున చరరాశికి విలువ ప్రతిక్షేపించుట వంటిదే ఈ పని. మన ఉదాహరణములో కూర్పు సంఖ్య 2 అని అమరికల ఫైలులో ఒక్కచోట వ్రాసినచో ముఖపత్రమునను, ప్రతి పుట పైనను 2 అనియే పడును. ఒకచోట 1, మరియొకచోట 2 అని పడుటకు వీలులేదు.

శీర్షిక పుటకు ఎట్లు చేరును?

ఇచ్చట ఒక ఆసక్తికరమగు ప్రశ్న పుట్టును. అధ్యాయము పేరు పుట పైభాగమున పడవలెను. కాని ఏ విషయము ఏ పుటలో పడునో ముందుగా తెలియదు; ఒక పేరా పెరిగినచో వెనుకనున్నదంతయు జరుగును. అట్టిచో యంత్రము సరియైన పేరును ఎట్లు వేయగలుగుచున్నది?

లేటెక్‌కు ఆధారమైన టెక్ అను సాధనమును కూడ క్నూత్ రూపొందించెను. ఆయన కనుగొన్న ఉపాయమిది. అధ్యాయమో, విభాగమో మొదలైనచోట పాఠములో కంటికి కనిపించని గుర్తునొకదానిని ఉంచుదురు. టెక్ పంక్తులను పోగుచేసికొనుచు పోయి, పుటను ఎచ్చట విరుచుట మేలో నిర్ణయించును. పుట విరిగిన పిమ్మటనే, ఆ పుటలో పడిన మొదటి గుర్తేది, చివరి గుర్తేది అని చూచి శీర్షికను కూర్చును. నిఘంటువులో పుట పైభాగమున ఆ పుటలోని మొదటి మాట, చివరి మాట వేయుటకును ఈ ఉపాయమే చాలును. పుటకు పైన ఉండు శీర్షిక, పుట పూర్తియైన పిదప తయారగుట గమనింపదగినది.

“42 పుటలలో 7వ పుట” అని వేయుట మరింత చిక్కు. 7వ పుట కూర్చునపుడు మొత్తము 42 అని యంత్రమునకు ఇంకను తెలియదు. అందుచే మొదటి పర్యాయము పత్రమును కూర్చి, చివరి పుటసంఖ్యను ఒక సహాయక ఫైలులో వ్రాసికొనును. రెండవ పర్యాయము ఆ సంఖ్యను చదివి ప్రతి పుటపైనను వేయును. ఒక్కసారి మాత్రమే నడిపి ముద్రించినవారికి సంఖ్యకు మారుగా ప్రశ్నార్థకములు కనిపించుట ఇందువలననే.

మరియొక చిక్కు క్రొత్తవారిని తరచు తికమకపెట్టును. శీర్షికను చక్కగా అమర్చినను, ప్రతి అధ్యాయపు మొదటి పుటలో అది కనిపించదు. పెద్ద అక్షరములతో అధ్యాయపు పేరున్న పుటకు పైన మరల శీర్షిక అందముగా ఉండదని, లేటెక్ ఆ పుటలకు సాదా శైలిని వాడును. పుస్తకమునకు ఇది మంచిదే. డిజైను పత్రమున ఆ పుటయు విడిపోవచ్చును గాన, సాదా శైలిని కూడ మన శీర్షికతో మరల నిర్వచింపవలెను. ముఖపత్రమున మాత్రము శీర్షిక లేకుండుటయే యుక్తము. అచ్చట అన్ని వివరములును ముందే కలవు.

తేదీతో జాగ్రత్త

శీర్షికలో తేదీ వేయుట మంచిదని అందరును తలంతురు. కాని ఏ తేదీ? యంత్రము తనంత తాను వేయునది పత్రము తయారైన దినము. రెండేండ్ల క్రిందటి డిజైనును ఈ దినమున మరల ముద్రించినచో దానిపై నేటి తేదీ పడును. చూచినవారు అది నేటి డిజైనే అనుకొందురు. అసలు తేదీ లేని పుట మనలను సందేహములో ఉంచును. ఇట్టి తేదీ ఉన్న పుట తప్పుదారి పట్టించును. కావున డిజైను ఆమోదింపబడిన తేదీని కూర్పు సంఖ్యవలెనే ఒక్కచోట మనమే వ్రాసి, శీర్షికలో దానిని వాడవలెను. ముద్రించిన తేదీ కూడ కావలెనన్నచో “ముద్రణ” అను మాటను చేర్చి వేరుగా వేయవలెను.

తెలుగులో శీర్షిక

తెలుగు అక్షరములకు యూనికోడ్ కలదు గనుక ముఖపత్రమును తెలుగులో వేయుటకు ఆటంకము లేదు. యూనికోడ్ ఫాంట్లను నేరుగా వాడగల జీటెక్, లువాటెక్ వంటి సాధనములతో పత్రమును కూర్చినచో చాలును. ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. రోమను అక్షరములకంటె మన అక్షరములకు నిలువున ఎక్కువ చోటు కావలెను. గుడి పైకి పోవును, వత్తులు క్రిందికి దిగును. “శాస్త్రము” అను ఒక్క మాటను వ్రాసి చూచిన తెలియును. శీర్షికకు కేటాయించిన ఎత్తు చాలనిచో వత్తులు క్రిందిగీతను తాకును. శీర్షికలను అమర్చు ఫ్యాన్సీ హెడ్డర్ అను ఉపకరణము ఎత్తు చాలకున్నచో హెచ్చరించును. ఆ హెచ్చరికను ఉపేక్షింపక ఎత్తును పెంచవలెను.

చివరి మాట

మూస ఒకసారి దిద్దినచో శాశ్వతముగా నిలుచునని అనుకొనరాదు. డాక్సీజన్ క్రొత్త కూర్పు వచ్చినపుడు దాని సహజమగు మూసయు మారవచ్చును. అప్పుడు క్రొత్త మూసను మరల తీసికొని, మన మార్పులను దానిలో చేర్చవలెనని దాని గ్రంథమే చెప్పుచున్నది. అందుచే మన మార్పులు కొద్దిగా ఉండుట, అవి ఏవియో ఒకచోట వ్రాసియుంచుట మేలు.

విద్యార్థులు తమ ప్రాజెక్టు పత్రమును ముగించిన పిమ్మట ఒక పరీక్ష చేసి చూడవచ్చును. పత్రమును ముద్రించి, నడుమనుండి ఒక పుటను, ఒక అధ్యాయపు మొదటి పుటను బయటకు తీసి, వేరొక తరగతి విద్యార్థి చేతికి ఈయవలెను. ఇది ఏ పత్రము, ఎన్నవ కూర్పు, ఎన్నవ పుట అని అడుగవలెను. అతడు మరియే కాగితమును చూడక జవాబు చెప్పగలిగినచో శీర్షిక సరిగా అమరినట్లే. తడబడినచో, ముద్రించిన కాగితమును కాక, మూసను దిద్దుటకు పూనుకొనవలెను.