ల్యాప్‌టాప్ బ్యాటరీని ఇంట బ్రతికింపవచ్చునా?

పుదుచ్చేరి పట్టణమున చదువుకొను యానాము విద్యార్థులకును, కార్యాలయోద్యోగులకును ల్యాప్‌టాప్ నిత్యావసర వస్తువైనది. మూడు నాలుగేండ్లు వాడిన పిదప దాని బ్యాటరీ అరగంటకే నీరసించును. క్రొత్తదానికి వేల రూపాయలు వెచ్చించుటకు వెనుకాడి, పాతదానిని బ్రతికించు చిట్కాలు వెదకుట సహజమే. వానిలో కొన్ని వ్యర్థములు, కొన్ని ప్రాణాపాయకరములు.

లిథియం అయాను బ్యాటరీ 1991లో జపానునందు తొలిసారి విపణికి వచ్చినది. ఇందలి ప్రతి సెల్లులోను గ్రాఫైటునకును, లోహపు ఆక్సైడునకును నడుమ లిథియం అయానులు రాకపోకలు సాగించుచుండును. ఆ క్రమమున కొంత లిథియము గ్రాఫైటుపై నేర్పడు పలుచని పొరలో చిక్కువడిపోవును. సామాన్యముగా 300 మొదలు 500 మారులు పూర్తిగా నింపి వాడుసరికి తొలి సామర్థ్యములో నూటికి 80 పాళ్ళు మాత్రమే మిగులును. వేడిమి ఈ క్షయమును త్వరితపరచును. రోహిణి కార్తె యెండలో నిలిపిన కారులో యంత్రమును వదలుటయు, పరుపుపై నుంచి పనిచేయుటయు ఇందుకు దోహదము చేయును. చిక్కువడిన లిథియమును ఇంట విడదీయు ఉపాయము లేదు.

బ్యాటరీని ఫ్రిజ్‌లోని మంచు అరలో నుంచుమని కొందరందురు. వారు సముద్రపు గాలి సంగతి ఎరుగరు కాబోలు! ఈ ఊరిలో, చల్లని వస్తువును వెలికి తీసినంతనే దానిపై నీటి బిందువులు పేరుకొనును. ఆ తడి లోనికి దిగిన సర్క్యూటు చెడును.

ఇంతకన్న ఘోరమైనది, పెట్టెను పగులదీసి సెల్లులకు నేరుగా తీగలు తగిలించుట. సాధారణపు సెల్లు 4.2 వోల్టులకు మించకుండను, మిక్కిలి తగ్గకుండను కాపాడుటకే లోపల రక్షణ సర్క్యూటు నమర్తురు. బహుకాలము వాడక వదలిన సెల్లులో రాగి రేకు కొంత కరగి, తిరిగి నింపునపుడు లోపలనే షార్టు ఏర్పడవచ్చును. అట్టిదానిని నింపనీయక సర్క్యూటు అడ్డగించుట లోపము కాదు, రక్షణ. దానిని తప్పించి బలవంతముగా నింపినచో వేడిమి తనంతట తానే పెరిగి సెల్లు మండవచ్చును. ఆ పొగలోని హైడ్రోజను ఫ్లోరైడు కన్నులకును, ఊపిరితిత్తులకును తీవ్రహాని చేయును.

ఇంట చేయదగిన పని ఒకటి కలదు. కొన్ని సమయములందు తప్పునది బ్యాటరీ లెక్క. తెరపై 30 శాతమని చూపుచునే యంత్రము హఠాత్తుగా ఆగిపోవుట ఇందుకు గుర్తు. బ్యాటరీ ఉబ్బక, అతిగా వేడెక్కక యున్నచో, దానిని పూర్తిగా నింపి, యంత్రము తనంతట ఆగువరకు వాడి, కొంత విరామమిచ్చి, మరల ఎడతెగక నింపవలెను. సామర్థ్యము పెరుగదు గాని లెక్క సరిపడవచ్చును. దీనిని తరచుగా చేయరాదు.

అడుగు రేకు పైకి లేచినను, టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకున్నను బ్యాటరీ ఉబ్బినదని అనుమానింపవలెను. వెంటనే ఛార్జరు తీసి, యంత్రమును ఆపి, కాగితములకును పరుపులకును దూరముగా సిమెంటు నేలపై నుంచవలెను. సూదితో పొడిచి గాలి తీయుట మహాప్రమాదము. పొగ వచ్చినచో పిల్లలను, వృద్ధులను ముందు వెలుపలికి పంపి, తలుపు మూసి, 101కి గాని 112కి గాని ఫోను చేయవలెను.

కాలిన చోట 20 నిమిషములు చల్లని కుళాయి నీరు పారనిచ్చి, శుభ్రమైన గుడ్డ కప్పవలెను. పేస్టు గాని, సిరా గాని, పసుపు గాని పూయరాదు. సెల్లులోని ద్రవము కంట బడిన, రెప్పలు తెరచి కనీసము 15 నిమిషములు కడుగవలెను. పొగ పీల్చినవారికి ఆయాసము కొన్ని గంటల తరువాత గూడ రావచ్చును. కావున గోరిమేడులోని జిప్మర్ వంటి ఆసుపత్రికి పోయి, బ్యాటరీ పొగ పీల్చితిమని వైద్యునికి స్పష్టముగా చెప్పవలెను.

పనికిరాని బ్యాటరీని ఇంటి చెత్తలో కలుపరాదని 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నియమములు చెప్పుచున్నవి. దాని కొనలకు టేపు అంటించి, సేకరణ కేంద్రమునకు గాని, క్రొత్తది అమ్మిన దుకాణమువారు స్వీకరించినచో వారికి గాని అప్పగింపుడు. చెత్తబండిలో నలిగిన సెల్లు, దానిని ఏరు పారిశుద్ధ్య కార్మికుని చేతిలోనే మండవచ్చును.