మాటకు అర్థము ఒక్కటేనా?

కళాశాలలు తెరచు దినములలో సుల్తాన్ బజార్ నుండి కోఠి వరకు పుస్తకాల అంగళ్ళ యెదుట నిలుచుటకు చోటుండదు. పాత గైడ్లు, పాత పాఠ్యపుస్తకములు బేరమాడి కొనువారిలో మన సంఘముల పిల్లలును ఉందురు. పదవ తరగతి వరకు తెలుగు మీడియములో చదివి, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు మీడియమునకు వచ్చినవారు వీరిలో అనేకులు. పల్లెలో లెక్కల్లో ముందున్న బిడ్డ ఇక్కడ మూడు నెలలకే “నాకు చదువు రాదు” అని మూలన కూర్చొనుట మేము చూచుచున్నాము. ఆ బిడ్డకు పాఠము తెలియును. ఆ పాఠములోని సంగతులకు ఇంగ్లీషులో ఉన్న పేర్లు తెలియవు.

అప్పుడు తల్లిదండ్రులు చేయు మొదటి పని జేబు డిక్షనరీ కొనిపెట్టుట. ఒక ఇంగ్లీషు మాట, దాని ప్రక్కన ఒక తెలుగు మాట. రోజుకు ఇరువది చొప్పున బట్టీ పట్టుమందురు. దీనివలన ప్రయోజనము కొంచెమేనని మా అభిప్రాయము. ఫంక్షన్ అను మాటనే చూడండి. మన ఇండ్లలో అది పెండ్లి విందు. జీవశాస్త్రములో ఒక అవయవము చేయు పని, గణితములో ప్రమేయము. సెల్ అనగా ఒక పుస్తకములో కణము, ఇంకొక పుస్తకములో విద్యుత్ ఘటము, పౌలు సీలలున్నచోట చెరసాల గది! ఒక్క అర్థమే నేర్చిన బిడ్డ రెండవ చోట తడబడక ఏమి చేయును?

ఇది క్రొత్తగా తెలిసిన సంగతి కాదు. కలకత్తాలో పాదిరిగా ఉండిన డేవిడ్ బ్రౌన్ గారి కుమారుడు సి.పి. బ్రౌన్ దొర తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో అర్థములు వ్రాసి ఊరకుండలేదు. కవులు ఎట్లు వాడిరో, జనులు ఎట్లు మాటలాడుదురో ఉదాహరణములు చేర్చెను. ఆ గ్రంథము 1852లో మద్రాసులో క్రిస్టియన్ నాలెడ్జ్ సొసైటీ ముద్రణాలయములో అచ్చయినది.

ఇంగ్లీషు పరభాషగా నేర్చుకొనువారి కొరకే వ్రాసిన డిక్షనరీలు వేరుగా ఉన్నవి. జపానులో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ గారి నిఘంటువు మొదట 1942లో టోక్యోలో వెలువడెను. ఆక్స్‌ఫర్డ్ వారి అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీకి మూలము అదే. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీలో అర్థములన్నియు సుమారు 2,000 తేలిక మాటలతోనే వ్రాసిరి. ఆ రెండు వేలు వచ్చిన బిడ్డకు మిగిలిన మాటల తలుపు తెరచినట్లే. అర్థము చదువుటయే ఒక చిన్న ఇంగ్లీషు పాఠమగును.

కాబట్టి నోటు పుస్తకములో మాట, తేలిక ఇంగ్లీషులో దాని అర్థము, తెలుగు మాట, ఏ పాఠములో కనబడినదో ఆ వాక్యము వ్రాయించండి. రోజుకు ఐదు చాలును. సాయంకాలము ఆ ఐదింటిని అమ్మకు తెలుగులో వివరించమనండి. అమ్మకు ఇంగ్లీషు రానవసరము లేదు, ఆమెకు అర్థమైతే బిడ్డకు వచ్చినట్లే.

కుటుంబ ప్రార్థనలో ఒకే అధ్యాయమును తెలుగులోను ఇంగ్లీషులోను చదువుట మంచిదే. అయితే 1611 నాటి కింగ్ జేమ్స్ తర్జుమాతో కొంచెము జాగ్రత్త. మొదటి థెస్సలొనీకయుల పత్రిక 4వ అధ్యాయములోని ప్రివెంట్ అను మాటకు ఆ కాలమందు ముందుగా వెళ్ళుట అని భావము. నేడు అడ్డగించుట అని. తెలుగు బైబిలు ప్రక్కన ఉంటే ఆ చిక్కు అక్కడే విడిపోవును.

క్రొత్త డిక్షనరీ ధర భారమైతే పాతది కొనవచ్చును. ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదను దొరకును. కొనక ముందు రెండు సంగతులు చూడండి: ముందుమాటలో లెర్నర్స్ కొరకు అని ఉన్నదా, ‘ఎస్’ అక్షరము పుటలన్నియు ఉన్నవా. ఇంగ్లీషు డిక్షనరీలో ఎక్కువ పుటలు ఆ అక్షరమునకే. అట్ట ఊడినను ఫరవాలేదు, అంటించుకొనవచ్చును.