ఆఫీసు యంత్రము – ఇంటి బేరము

గజపతినగరములో కంప్యూటరు కొనువాడు తన యిష్టమునుబట్టి కొనుచున్నానని తలంచును. ఆ యిష్టమును వాని ఆఫీసు ముందే నిర్ణయించి యుంచునని నా యభిప్రాయము.

1981 ఆగస్టులో అమెరికాలో ఐ.బి.యం. కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును 1,565 డాలర్ల ప్రారంభధరకు వెలువరించెను. అంతకు ముందే ఆపిల్ యంత్రములు బజారున గలవు. కాని పెద్ద ఆఫీసులకు ఐ.బి.యం. పేరు చిరపరిచితము, గుమాస్తాల బల్లలపై నదియే చేరెను. 1984లో ఆపిల్ వారి మాకింటాష్, చూడ ముచ్చటైనదే, 2,495 డాలర్లకు వచ్చునప్పటికి గుమాస్తాల వ్రేళ్ళు వేరొకదాని కలవాటుపడి యుండెను.

ఐ.బి.యం. వారు భాగములను పెక్కింటిని బయట కొని కూర్చిరి. మైక్రోసాఫ్టువారు తమ డాసును ఇతరులకును అమ్ముకొను హక్కు నిలుపుకొనిరి. కావున కాంపాక్ మొదలగు కంపెనీలు అట్టి యంత్రములనే చేసి పోటీకి దిగెను, ధరలు దిగెను. యంత్రములవారు తమలో తాము పోరాడుచుండగా, లోపలి ప్రోగ్రామువాడు అందరియొద్దను సుంకము గైకొనెను!

మన డి.టి.పి. దుకాణములను చూడుడు. అనూ ఫాంట్లతో పని నేర్చినవారు పెక్కురు "ఆపిల్ కీబోర్డు" అను అక్షరముల వరుసనే వాడుదురు. వారిలో ఆపిల్ యంత్రమును కన్నులార చూచినవారు అరుదు. అనూలో కూర్చిన కాగితమును ఆ ఫాంటు లేని యంత్రమున తెరచినచో అక్షరములకు మారు పిచ్చిగీతలు కనబడును. అట్టి దుకాణదారునకు లినక్సును ఉచితముగా నిచ్చినను వెనుకాడును. అది మూర్ఖత కాదు; పాత కాగితములు తెరవరాక, చేయి తిరుగక, పని నిలిచిన దినముల కూలి యెవరిచ్చెదరు? యూనికోడు కాగితమునకు ఈ చిక్కు లేదు. అచ్చువేయించు ఆఫీసులే దానిని కోరినచో, ఆ దుకాణదారుడు చవుక యంత్రమునకు బేరమాడగలడు.