రోటరీ ఇంజన్‌లో కాలే ఆయిలు, కారే ఆయిలు

మామూలు కారు ఇంజన్ ఆయిలు తాగడం మొదలుపెట్టిందంటే దానికి వయసు మీరిందని మెకానిక్కులు తేల్చేస్తారు. పిస్టన్ రింగులు అరిగాయనో, వాల్వుల దగ్గరి సీళ్ళు గట్టిపడ్డాయనో చెబుతారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది. రోటరీ ఇంజన్ దగ్గర ఈ లెక్క కుదరదు. ఆ ఇంజన్ నిండు ఆరోగ్యంతో ఉన్నప్పుడు కూడా కొంత ఆయిలును కాలుస్తుంది. కాల్చేలాగే దాన్ని నిర్మించారు. బొత్తిగా ఆయిలు తగ్గడం మానేసిన రోజునే నిజానికి భయపడాలి. కనుక ఇక్కడ రోగనిర్ణయం, ఆ ఆయిలు దహనగదిలోకి ఏ దారిన వచ్చిందన్న ప్రశ్నతో మొదలు కావాలి.

ఈ ప్రశ్నకు డబ్బుతో ముడి ఉంది. 2003 నుంచి 2012 వరకు తయారైన మాజ్దా ఆర్‌ఎక్స్-8 కార్లు అమెరికాలో పాత కార్ల అంగళ్ళలో చవకగా దొరుకుతాయి. ఇంజన్ విప్పి బాగుచేయించే ఖర్చు తరచు ఆ కారు ధరను మించిపోతుంది. పొగ చూసి బెదిరి, ఇంకా నాలుగేళ్ళు నడవగల ఇంజన్‌ను విప్పించడం ఒక తప్పు. ‘రోటరీ అంటే అంతే, ఆయిలు తాగుతుంది’ అని సరిపెట్టుకొని, కొన ఊపిరితో ఉన్న ఇంజన్‌ను కొనుక్కోవడం రెండవ తప్పు. రెండింటికీ మూలం ఒక్కటే: రెండు వేర్వేరు పనులు చేసే సీళ్ళను ఒకటిగా భావించడం.

రెండు రకాల కాపలా

రోటరీ ఇంజన్‌లో పిస్టన్ ఉండదు. రెండు గింజల వేరుశనగ కాయలా నడుమ కొద్దిగా నొక్కుకున్న గది ఒకటి ఉంటుంది. అందులో భుజాలు ఉబ్బిన త్రిభుజం వంటి రోటరు తిరుగుతుంది. రోటరు మూడు ముఖాలకూ గది గోడకూ మధ్య మూడు ఖాళీలు ఏర్పడతాయి. రోటరు కదిలేకొద్దీ అవి పెరుగుతూ తరుగుతూ, గాలినీ పెట్రోలునూ పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను బయటికి నెట్టడం అనే నాలుగు పనులనూ వరుసగా జరుపుతాయి. రోటరు ఒక చుట్టు తిరిగేలోగా నడిమి ఇరుసు మూడు చుట్లు తిరుగుతుంది.

ఈ మూడు ఖాళీలూ ఒకదానితో ఒకటి కలిసిపోకుండా చూసేవి వాయు సీళ్ళు. త్రిభుజపు మూడు కొనల మీద, గది వెడల్పు పొడవునా గోడను రాసుకుంటూ పోయేవి ఎపెక్స్ సీళ్ళు. రోటరు రెండు పక్కల బల్లపరుపు తలాల మీద విల్లులా వంగి ఉండేవి పక్క సీళ్ళు. ఇవి రెండూ కలిసే చోట గుండీల వంటి మూల సీళ్ళు ఉంటాయి. మండే వాయువు పీడనాన్ని నిలబెట్టే బాధ్యత వీటన్నిటిదీ.

ఆయిల్ సీళ్ళు వేరు. రోటరు లోపల బోలుగా ఉంటుంది. దాన్ని చల్లబరచడానికి ఇరుసులోని సన్నని రంధ్రాల నుంచి ఇంజన్ ఆయిలు లోపలికి చిమ్ముతూ ఉంటుంది. ఆ ఆయిలు పక్క గోడల వెంట పాకి దహనగదిలోకి చేరకుండా రోటరుకు ప్రతి పక్కనా, ఒకదానిలో ఒకటి ఇమిడినట్లు, రెండు వలయాలు ఉంటాయి. ఒక్కో వలయం అడుగున ఒక స్ప్రింగు, ఒక రబ్బరు రింగు ఉంటాయి. ఇనుప వలయాలు అరగడానికి చాలా కాలం పడుతుంది. ముందుగా చెడేది రబ్బరు. ఇంజన్ ఒక్కసారి విపరీతంగా వేడెక్కినా ఆ రబ్బరు గట్టిపడి, సాగే గుణం కోల్పోతుంది.

ఇక న్యాయంగా కాలవలసిన ఆయిలు సంగతి. ఎపెక్స్ సీళ్ళు గోడను రాసుకుంటూ పోయేటప్పుడు వాటికి తడి కావాలి. అందుకోసం ఒక చిన్న మీటరింగ్ పంపు, ఇంజన్ వేగాన్నీ భారాన్నీ బట్టి, కొలిచినట్లు కొద్దికొద్దిగా ఆయిలు పంపుతుంది. తన పని ముగించుకొని ఆ ఆయిలు పెట్రోలుతో పాటే కాలిపోతుంది. అది అతి స్వల్పం కనుక పొగ కంటికి ఆనదు. నడిపే తీరును బట్టి వెయ్యి నుంచి మూడు వేల మైళ్ళకు ఒక క్వార్టు ఆయిలు తగ్గడం ఇందువల్లనే.

చరిత్ర చెప్పిన పాఠం

ఈ రెండు రకాల సీళ్ళూ ఈ ఇంజన్‌ను మొదటినుంచీ వేధించాయి. ఫెలిక్స్ వాంకెల్ ఆలోచన ప్రకారం జర్మనీలోని ఎన్ఎస్‌యూ సంస్థలో మొదటి నమూనా 1957లో నడిచింది. జపాన్‌కు చెందిన మాజ్దా 1961లో అనుమతి పొంది, కెనిచి యమమోతో నాయకత్వంలో పరిశోధన మొదలుపెట్టింది. ఎపెక్స్ సీళ్ళు అదురుతూ గది గోడ మీద అలల్లాంటి గీతలు పెట్టేవి. ఇంజనీర్లు వాటిని ‘దయ్యపు గోళ్ళ గాట్లు’ అన్నారు. ఆయిలు కారి తెల్లని పొగ కమ్మేసే నమూనా కారుకు, వీపున మోసే కట్టెలకు నిప్పంటుకున్న జంతువు కథను తలచుకొని, ‘కచికచి యమ’ అని పేరు పెట్టారు. గాట్ల సమస్య ఎపెక్స్ సీళ్ళను మార్చడంతో, పొగ సమస్య ఆయిల్ సీళ్ళను మెరుగుపరచడంతో తీరాయి. 1967లో కాస్మో స్పోర్ట్ మార్కెట్‌లోకి వచ్చింది.

అదే ఏడు వచ్చిన ఎన్ఎస్‌యూ రో 80 అంత అదృష్టానికి నోచుకోలేదు. దాని ఎపెక్స్ సీళ్ళు త్వరగా అరిగిపోవడంతో సంస్థ గ్యారంటీ కింద పెద్ద ఎత్తున ఇంజన్లు మార్చవలసి వచ్చింది. రో 80 యజమానులు దారిలో ఎదురైనప్పుడు, ఇప్పటికి ఎన్ని ఇంజన్లు మార్చారో వేళ్ళతో చూపుకునేవారని చెప్పుకునేవారు.

పరీక్ష మొదలయ్యేది కొలతతో

పొగ గురించి ఆలోచించేముందు లెక్క రాసుకోవాలి. సమతలం మీద కారు నిలిపి, ఇంజన్ ఆపిన కొద్ది నిమిషాల తర్వాత ఆయిలు మట్టం చూడాలి. మైలేజీ రాసుకొని, మళ్ళీ వెయ్యి మైళ్ళ తర్వాత చూడాలి. వాడకం పైన చెప్పిన హద్దుల్లో ఉంటే అది మీటరింగ్ పంపు ఖాతాలోనిదే. అసలు తగ్గకపోతే పంపు పనిచేస్తోందో లేదో, దాని సన్నని గొట్టాలు పెళుసెక్కి విరిగాయో చూడాలి. తడి లేని ఎపెక్స్ సీలు ఎక్కువ కాలం బతకదు.

వాడకం హద్దు మీరితే పొగ రంగునూ సమయాన్నీ గమనించాలి. నీలం ఛాయ ఉన్న పొగ ఆయిలుది. తియ్యని వాసనతో చాలాసేపు ఆగని తెల్లని పొగ కూలెంట్‌ది. అప్పుడు అనుమానించవలసింది గది అంచున నీటిని ఆపే సీళ్ళను. నల్లని పొగ పెట్రోలు ఎక్కువవడం వల్ల వస్తుంది. చలికాలపు ఉదయాన కాసేపు కనిపించే ఆవిరి దోషం కాదు.

రాత్రంతా నిలిచిన కారు పొద్దున స్టార్ట్ కాగానే గుప్పున నీలి పొగ వదిలి, ఒకటి రెండు నిమిషాల్లో తేటపడితే ఆయిల్ సీళ్ళు బలహీనపడ్డాయని అర్థం. నిలిచి ఉన్న సమయంలో రోటరు లోపలి ఆయిలు మెల్లగా జారి గది అడుగున చేరింది. కాలు తీసి బండిని నెమ్మదింపజేసినప్పుడు గదిలో శూన్యం పెరిగి ఆయిలును లాగుతుంది. ఆ తర్వాత మళ్ళీ తొక్కగానే పొగ వస్తే సీళ్ళు మరింత చెడినట్టు. అయితే టర్బో ఉన్న ఆర్‌ఎక్స్-7 వంటి కార్లలో ఇదే పొగ టర్బో సీళ్ళ నుంచి కూడా రావచ్చు. గాలి గొట్టాల్లో ఆయిలు చేరిందేమో చూడకుండా ఇంజన్ మీద నింద వేయకూడదు. ఆయిలు అవసరానికి మించి పోసినా పొగ వస్తుంది. స్పార్క్ ప్లగ్గులు తీసి చూస్తే ఏ రోటరు వైపు ఆయిలు తడి ఉందో తెలుస్తుంది.

మూడు ముఖాల పీడనం

వాయు సీళ్ళ స్థితిని పొగ చెప్పలేదు; కంప్రెషన్ పరీక్ష చెబుతుంది. ఇంజన్ వేడిగా, బ్యాటరీ నిండుగా ఉండాలి. పెట్రోలూ నిప్పురవ్వా ఆపి, గాలి ద్వారం పూర్తిగా తెరచి, స్టార్టర్‌తో తిప్పాలి. మామూలు మీటరులోని వాల్వు అత్యధిక పీడనాన్నే పట్టి ఉంచుతుంది. దానితో ఒక మంచి ముఖం వెనుక రెండు చెడిన ముఖాలు దాగిపోతాయి. ఆ వాల్వు తీసేసి ముల్లు మూడు సార్లు సమానంగా ఎగురుతోందా అని చూడాలి. ఇంకా మంచిది, మూడు ముఖాలనూ విడివిడిగా చూపే రోటరీ మీటరు.

ఆర్‌ఎక్స్-8కు మాజ్దా చెప్పిన కొలతలివి: నిమిషానికి 250 చుట్ల వేగం వద్ద ప్రామాణిక పీడనం 830 కిలోపాస్కళ్ళు, కనీసం 680. ఒకే రోటరు ముఖాల మధ్య తేడా 150కీ, రెండు రోటర్ల మధ్య తేడా 100కీ మించరాదు. స్టార్టర్ నెమ్మదిగా తిరిగితే అంకెలు తగ్గుతాయి. డెన్వర్ వంటి ఎత్తైన ఊళ్ళలోనూ అంతే. కనుక వేగం రాయని కొలతకు విలువ లేదు.

అంకెల తీరు దోషం ఉన్న చోటు చూపుతుంది. ఒక రోటరు 780, 520, 510 చూపితే, తగ్గిన రెండు ముఖాలకూ నడుమ ఉన్న ఎపెక్స్ సీలు చెడినట్టు. ఒక్క ముఖమే తగ్గితే దాని పక్క సీలు బిగుసుకొని ఉండవచ్చు. మూడూ సమానంగా తగ్గితే సీళ్ళూ గోడా అన్నీ అరిగినట్టు. వేడిగా ఉన్నప్పుడు ఇంజన్ స్టార్ట్ కావడానికి మొండికేయడం కూడా తగ్గిన పీడనానికి గుర్తే. ఇక్కడ ఒక మోసం ఉంది: గదిలోకి కారిన ఆయిలు సందులను పూడ్చి పీడనాన్ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపవచ్చు. బాగా పొగ వదిలే ఇంజన్ మంచి అంకెలు చూపితే, కాసేపు నడిపి మళ్ళీ కొలవాలి.

తీర్పు

ఈ పరీక్షలను కలిపి చదివితే దారి తేలుతుంది. పీడనం బాగుండి, పొద్దున మాత్రమే కాసింత పొగ వస్తే, ఆయిలు పోసుకుంటూ ఆ కారును చాలా కాలం నడపవచ్చు. ఆయిల్ సీళ్ళు మార్చాలంటే ఇంజన్ పూర్తిగా విప్పక తప్పదు కాబట్టి, తొందరపడి చేసే పని కాదది. అయితే ఎక్కువగా కాలే ఆయిలు సైలెన్సర్ దారిలోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పూడ్చివేసి ఇంజన్‌కు వేడి పెంచుతుందని గుర్తుంచుకోవాలి. పొగ లేకున్నా పీడనం పడిపోయిన ఇంజన్‌ను ఏ సీసాలోని మందూ బాగుచేయదు. అటువంటి కారుకు ధర కట్టేటప్పుడు కొత్త ఇంజన్ ఖర్చు కూడా కలుపుకోవాలి. పొగా, తక్కువ పీడనమూ రెండూ ఉంటే ఇక సందేహానికి తావు లేదు. అమ్మేవారి మాటకన్నా ఆరు ముఖాల ఆరు అంకెలు ఎక్కువ నమ్మదగినవి. ఆ కాగితం చూడకుండా రోటరీ కారుకు బయానా ఇవ్వకపోవడం మంచిది.