గురువు గొంతు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కాలంటే...

మా బెళుగుప్ప వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఓ పాత కీప్యాడ్ ఫోన్ బీరువాలోనో, అటక మీదో పడుంటుంది. బ్యాటరీ ఉబ్బిపోయి ఉంటుంది, చార్జర్ ఎక్కడుందో ఎవరికీ తెలీదు. కానీ దాని మెమరీ కార్డులో ఏముందో ఎప్పుడైనా చూశారా? మా ఊళ్లో చూస్తే శెనక్కాయ చేన్లో కలుపు తీస్తూ అవ్వలు పాడిన పాటలు దొరికాయి. చెక్కభజన గురువు పాదాలు చెప్తూ, అడుగులు లెక్కపెడుతున్న గొంతు దొరికింది. ఆ గురువు పోయి నాలుగేళ్లయింది. ఆ పాటలు ఆయనెక్కడా రాసిపెట్టలేదు.

ఇప్పుడు మా పిల్లలు మళ్లీ చెక్కలు పట్టుకున్నారు. ఆయన గొంతు విని నేర్చుకుందామంటే చిక్కొచ్చింది. పాత ఫోన్ల రికార్డింగులు ఏఎంఆర్ ఫార్మాట్‌లో, వాట్సాప్‌లో వచ్చినవి ఒపస్‌లో, కొత్త ఫోన్లవి ఎం4ఏలో ఉన్నాయి. గుడి దగ్గరి స్పీకర్‌కేమో పెన్‌డ్రైవ్‌లో ఎంపీ3 ఉంటేనే పలుకుతుంది. మొత్తం 126 ఫైళ్లు. ఒక్కోటీ ఆన్‌లైన్ సైట్‌లో పెట్టి మార్చుకుంటూ కూర్చుంటే పొద్దు గూకుతుంది, డేటా ఖాళీ అవుతుంది. పైగా ఇంట్లోవాళ్ల గొంతులు ఎవరిదో తెలియని సర్వర్‌కి ఎక్కుతాయి. అదే కంప్యూటర్‌లోనైతే నెట్ లేకుండానే పని అయిపోతుంది.

ముందు ఓ మాట. ఫైల్ పేరు చివర 'ఏఎంఆర్' చెరిపేసి 'ఎంపీ3' అని రాస్తే ఫార్మాట్ మారదు. సంచి మీద పేరు మార్చినంత మాత్రాన లోపలి కొర్రలు బియ్యం కావు కదా! లోపలి శబ్దాన్ని విప్పి, కొత్త పద్ధతిలో మళ్లీ కుదించాలి. దాన్నే కన్వర్షన్ అంటాం.

సైజు లెక్క

సీడీ నాణ్యతలో శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలుస్తారు. దాన్ని కుదించకుండా వేవ్ ఫైల్‌గా దాస్తే నిమిషానికి దాదాపు 10 ఎంబీ. అదే 128 కేబీపీఎస్ ఎంపీ3 అయితే సుమారు 1 ఎంబీ. ఏఎంఆర్ ఫోన్ మాటల కోసం పుట్టింది. సెకనుకి 8,000 సార్లే కొలుస్తుంది, అందుకే గంట రికార్డింగ్ కూడా 5, 6 ఎంబీల్లో సరిపోతుంది. చెక్కల మోత అందులో మొద్దుబారి వినిపించేది అందుకే. పోయిన ఆ స్పష్టత ఏ ఫార్మాట్‌లోకి మార్చినా తిరిగి రాదు. కాబట్టి ఇలాంటి ఫైల్‌ని 320 కేబీపీఎస్‌కి పెంచడం దండగ. ఒక్కరి గొంతుకైతే మోనోలో 64 కేబీపీఎస్ చాలు.

చకచకా మార్చాలంటే...

కొద్ది ఫైళ్లే ఉంటే వీఎల్‌సీ చాలు. ఉచితం. మీడియా మెనూలో 'కన్వర్ట్/సేవ్' నొక్కి, ఫైళ్లన్నీ కలిపి చేర్చి, ఎంపీ3 ప్రొఫైల్ ఎంచుకోండి.

వందల్లో ఉంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పట్టుకోవాల్సిందే. 2000లో ఫాబ్రిస్ బెలార్డ్ మొదలుపెట్టిన ఈ ఉచిత ప్రోగ్రాంకి బొమ్మలూ, బటన్లూ ఉండవు. ఒక్క వరుస కమాండ్‌తో ఫోల్డర్ మొత్తం మార్చేస్తుంది. మామూలు ల్యాప్‌టాప్‌లోనూ గంట మాటల రికార్డింగ్‌కి నిమిషం కూడా పట్టదు. మా 126 ఫైళ్లూ టీ తాగి వచ్చేలోపు అయిపోయాయి.

ఇంకో కిటుకు ఉంది. వీడియోలోంచి పాట మాత్రమే కావాలంటే మళ్లీ కుదించక్కర్లేదు. కోడెక్ దగ్గర 'కాపీ' అని చెప్తే, లోపలున్న శబ్దాన్ని ఉన్నదున్నట్టు బయటికి తీస్తుంది. క్షణాల్లో పని, నాణ్యత కూడా రవ్వంత తగ్గదు. అయితే లోపలున్నది ఏఏసీ శబ్దమైతే ఎం4ఏగానే సేవ్ చేయాలి.

మా వైపు గాలి సంగతి తెలుసు కదా, ఊరకే గాలిమరలు పెట్టలేదు! బయట చేసిన రికార్డింగుల్లో బొయ్యిమనే హోరు ఉంటుంది. ఆడాసిటీలో హైపాస్ ఫిల్టర్ వేస్తే ఆ హోరు చాలావరకు తగ్గుతుంది. అందులో ఏఎంఆర్ తెరవాలంటే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లైబ్రరీ కూడా పెట్టుకోవాలి.

అసలుది పారేయొద్దు

ఎంపీ3 చేశాక పాత ఫైళ్లు డిలీట్ చేసేస్తే మాత్రం నష్టమే. కుదించినదాన్ని మళ్లీ కుదించిన ప్రతిసారీ కాస్త శబ్దం పోతుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టన్నమాట. రేపు మరో ఫార్మాట్ కావాల్సొస్తే అసలు ఫైల్ నుంచే మార్చుకోవాలి. అందుకే మేం అసలువన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచి, ఇంకో కాపీ వేరే ఇంట్లో హార్డ్ డిస్క్‌లో పెట్టాం. ఇకమీదట చేసే రికార్డింగులు ఫ్లాక్‌లో దాస్తున్నాం. అది శబ్దం పోకుండా కుదిస్తుంది.

పేర్లు కూడా ముఖ్యమే. ఉత్త అంకెలతో ఉన్న ఫైల్ పదేళ్ల తర్వాత ఎవరికి అర్థమవుతుంది? ఎవరు పాడారు, ఏ పాట, ఏ ఊరు, ఏ సంవత్సరం అని పేరులోనే రాసేయండి. గొంతు గుర్తుపట్టే పెద్దలు ఉండగానే వాళ్ల పక్కన కూర్చుని వినిపించి రాసుకోవాలి. కంప్యూటర్ ఫార్మాట్ మారుస్తుంది గానీ, "ఇది ఫలానా ఆమె గొంతురా" అని చెప్పలేదు. మార్చడానికి పది నిమిషాలు చాలు. అడగడానికి మాత్రం ఇంకెన్నాళ్లు టైముందో ఎవరికీ తెలీదు. ఈ ఆదివారమే మీ ఇంటి అటక ఎక్కండి.